సట్టికి విరుద్ధం

మా అవ్వకు చట్టం అనే మాట తెలియదు. సట్టి తెలుసు. మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. ఆమె కుమ్మరి ఇంట్లో పుట్టి, కుమ్మరి ఇంటికి కోడలై వచ్చిన మనిషి. కూర వండుకునే వెడల్పు మూతి కుండను సట్టి అంటారని కూడా తెలియనివాళ్ళు ఇప్పుడు మా ఇంట్లోనే పుట్టుకొచ్చారు కాబట్టి ముందే చెప్పి పెడుతున్నాను.

ఆ రోజుల్లో కచ్చేరీలోనైనా, పట్వారీ నోటనైనా ఖానూను అనే మాటే వినపడేది. చట్టం అనేది అచ్చులో ఉండే మాట. మా ఊళ్ళో దాన్ని పలికినవాళ్ళు లేరు, విన్నవాళ్ళు లేరు. అందువల్ల ఒక పొరపాటు జరిగింది. చదివింది నేను కాబట్టి అందులో సగం నాదే. ఆ పొరపాటు జరగకపోయి ఉంటే మా అక్క బతుకు ఏ గడీలో తెల్లారేదో ఆలోచించడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.

మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్‌కు రెండు కోసుల దూరం. ఊరికి ఒక దొర, ఆయనకు కోటలాంటి ఒక గడీ, ఆ గడీకి ఊరంతా వెట్టి. కూలీ నాలీ లేకుండా పిలిచినప్పుడు పోయి చేసి రావడమే వెట్టి. చాకలివాళ్ళు బట్టలు ఉతకాలి, మాదిగవాళ్ళు చెప్పులు కుట్టాలి, మేం కుండలు ఇవ్వాలి. గడీలో పిల్లి దూకి కుండ పగిలినా తప్పు మా నాయినదే. పొద్దుటికల్లా ఇంకొకటి అక్కడ ఉండాలి.

అప్పటికే జనగామ చుట్టుపక్కల దొరల మీద పోరాటం రాజుకుంది. ఫలానా ఊళ్ళో వెట్టి మానేశారట, ఫలానా చోట దొర మనుషులను తరిమారట అని సంతలో చెవులు కొరుక్కునేవారు. మా ఊరికి ఇంకా తుపాకులు రాలేదు, సంఘమూ రాలేదు. అన్నిటికంటే ముందు పుస్తకం వచ్చింది. తెచ్చింది మా మేనమామ.

మామ ఘన్‌పూర్ స్టేషన్‌లో మూటలు మోసే హమాలీ. పనిలేని రోజున జనగామ పోయేవాడు. అక్కడ ఒక చిన్న గదిలో పత్రికలు, పుస్తకాలు పెట్టి, చదవడం రానివాళ్ళకు చదివి వినిపించేవారట. విని విని మామకే అక్షరాలు పట్టుబడ్డాయి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా పగిలిన పెంకు మీద బొగ్గుతో రాసి నాకు నేర్పేవాడు. అక్కకు ఎందుకు నేర్పలేదంటే, అక్క చేతులు ఎప్పుడూ మట్టిలోనే ఉండేవి. నా చేతులు ఎప్పుడూ ఖాళీయే. "పనికి రానిదానికి సదువన్న రానీ" అని అవ్వ ఒప్పుకుంది. నాకప్పుడు పదమూడో పద్నాలుగో ఏళ్ళు, అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద.

ఆ పుస్తకం పలచగా ఉండేది, అట్ట ఊడిపోయింది. గడ్డి కూరిన కుండలో దాచి తెచ్చాడు మామ. అచ్చు కాగితం మా గడప తొక్కడం అదే మొదలు. పురాణమే అనుకుంది అవ్వ. కాళ్ళు కడుక్కుని వచ్చి, పసుపు కుంకుమ పెట్టి, సారె పక్కన పీట మీద ఉంచింది. సారె అంటే కుండలు చేసే చక్రం, మా దేవుడు అదే. అది పురాణం కాదనీ, రైతు గురించీ వెట్టి గురించీ రాసిన పుస్తకమనీ మామ చెప్పినా ఆమె వినలేదు. "అచ్చుల ఉన్నది కదరా" అంది.

మధ్యాహ్నాలు వాకిట్లో కూర్చుని అవ్వా అక్కా పచ్చి కుండలను చెక్కతో తట్టేవాళ్ళు. నేను పక్కన కూర్చుని కూడబలుక్కుంటూ చదివేదాన్ని. చాకలి పెద్దమ్మ, ఆమె వెంట ఆమె బిడ్డ, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి చేరేవారు. సుంకరి, అంటే గడీ కబుర్లు మోసే బంట్రోతు, వీధిలో కనపడితే అవ్వ చెక్క దెబ్బ పెంచేది. ఆ చప్పుడులో నా గొంతు వినిపించేది కాదు. సుంకరి పోయాక మళ్ళీ మొదటి నుంచి చదవమనేవాళ్ళు. అలా ఒక్కో పుట మాకు వారం పట్టేది.

ఇంతలో దొర బిడ్డకు పెళ్ళి కుదిరింది. సుంకరి మా వాకిట్లోకి వచ్చి కుండల లెక్క చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, మరిచిపోయిన మాట గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"నీ పెద్దబిడ్డను సుత దొరబిడ్డ ఎంబడి పంపాల్నట. జర తయారు చేసి పెట్టు" అన్నాడు.

దొరబిడ్డ అత్తవారింటికి పోతూ నగలతో పాటు ఒక పిల్లను వెంట తీసుకుపోయేది. ఆ పిల్లను ఆడబాప అనేవారు. చచ్చేదాకా అక్కడే చాకిరి. పెళ్ళి లేదు. పిల్లలు పుడితే తండ్రి ఫలానా అని చెప్పుకునే వీలు లేదు. మా నాయిన చెల్లెలు అలాగే పోయింది. గార్ల వైపు ఏదో గడీకి అని మాత్రమే మాకు తెలుసు. బతికుందో లేదో అడగడానికి కూడా మాకు దారి లేదు. ఆమె పేరు ఎత్తితే నాయిన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఆ రోజు కూడా ఆయన లేచిపోయాడు. అవ్వ ఏడవలేదు. అక్క ఏడవలేదు. నేనే ఏడ్చాను, అదీ బాగా గట్టిగా. అవ్వకు చిర్రెత్తింది.

"ఏడ్వకు. ఆ పురాణం తీసి సదువు" అంది.

పురాణంలో ఆడపిల్లను రాక్షసుడు ఎత్తుకుపోతే ఎవరో ఒకరు ఉపాయం చెబుతారు కదా, ఇందులోనూ ఉంటుందని ఆమె నమ్మకం. నేను ముక్కు తుడుచుకుంటూ చదివాను. ఆ పుటలోనే ఆ వాక్యం ఉంది, వెట్టి చేయించుట చట్టమునకు విరుద్ధము అని. నేను దాన్ని 'చ', 'ట్ట', 'ము' అని ముక్కలు ముక్కలు చేసి పలికాను.

అవ్వ చెక్క ఆగింది. "ఏంది? సట్టి గురించి రాసిన్రా?"

"చట్టము అని ఉంది అవ్వా."

"గదే. సట్టి. మళ్ల సదువు."

మళ్ళీ చదివాను. విరుద్ధం అంటే ఏమిటని చాకలి పెద్దమ్మ అడిగింది. పడనిది, ఎదురైనది అని మామ చెప్పిన అర్థం చెప్పాను. అందరూ ఆలోచనలో పడ్డారు. వెట్టి సట్టికి పడదు. నాకూ అందులో తప్పేమీ కనపడలేదు. కుమ్మరి ఇంటికి వచ్చిన పుస్తకంలో సట్టి మాట లేకపోతే కదా ఆశ్చర్యం.

అవ్వ వరుసగా ఆరబెట్టిన కుండల వైపు చూసి, "ఐరేని" అంది.

ఐరేని కుండలు లేకుండా మా దగ్గర పెళ్ళి కాదు. రంగులు వేసిన ఆ కుండలను పెళ్ళివారు కొనుక్కోకూడదు, మనిషిని పంపి తెప్పించుకోకూడదు. పెళ్ళింటి ఆడవాళ్ళే డప్పులతో కుమ్మరి వాకిట్లోకి నడిచి వచ్చి, సారెకు బొట్టు పెట్టి, కుమ్మరి ఆడదాని చేతుల మీదుగా అందుకోవాలి. ఎంత దొరసాని అయినా ఆ ఒక్క పూట మా గడప ముందుకు రావలసిందే.

"సట్టికి పడనోళ్లకు సట్టి ఎందుకియ్యాలె? పిల్లను వద్దంటేనే ఐరేని ఇస్త. లేకుంటే ఇయ్య" అంది అవ్వ. అని మళ్ళీ కుండ తట్టడం మొదలుపెట్టింది.

నాలుగు రోజులకు మామ వచ్చి సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, అది సట్టి గాదే. చట్టమంటె ఖానూను. వెట్టి ఖానూనుకు ఎదురని రాసిన్రు. సర్కారోళ్ళే ఎన్నడో కాగితం మీద రాసి పెట్టిన్రట. ఊళ్లకు ఎవడూ చెప్పలే" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతమంది నా చదువును నమ్ముకుంటే నేను ఇలాంటి చదువు చదివాను. అవ్వ మాత్రం తగ్గలేదు.

"ఖానూను యాడున్నది?" అని తమ్ముడిని అడిగింది.

"కచ్చేరిల ఉంటది."

"కచ్చేరి మనదా?"

"కాదు."

"సట్టి మనింట్ల ఉన్నది. మరి నేను చెప్పిందాంట్ల తప్పేంది?"

పుస్తకాలు మనిషిని మారుస్తాయా అని సభల్లో గంటలు గంటలు మాట్లాడేవారిని చూస్తే నాకు అవ్వ గుర్తొస్తుంది. మొండితనం ఆమెకు పుట్టుకతోనే ఉంది. ఆ మొండితనాన్ని ఎక్కడ వాడాలో ఒక వాక్యం చూపించింది. ఆ వాక్యాన్ని ఆమె తప్పుగా విన్నది, కానీ విని ఊరుకోలేదు. సరిగ్గా చదివి ఊరుకున్నవాళ్ళను నేను బోలెడుమందిని చూశాను.

నాయిన మాత్రం వణికిపోయాడు. "ఏనుగుతోని పందెమా మనకు? పక్కూరి కుమ్మరితోని తెప్పించుకుంటరు. మనల ఊళ్లె ఉండనియ్యరు" అన్నాడు. అందులో నిజం ఉంది. మేం ఇవ్వకపోతే నాలుగు కోసుల అవతల మా దాయాదులు ఇస్తారు. అవ్వ మరునాడు పొద్దున్నే పుస్తకాన్ని చిన్న కుండలో పెట్టి, నన్ను వెంటబెట్టుకుని అక్కడికి నడిచింది. దారి పొడుగునా మెట్ట చెలకలు, ఎండిన చెరువులు. నా కాళ్ళు బొబ్బలెక్కాయి. ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు.

అక్కడ ఒక ముసలాయన, చుట్టుపక్కల కుమ్మరి ఇళ్ళన్నిటికీ పెద్ద. నేను ఆ పుట చదివాను. ఈసారి చట్టం అంటే ఖానూను అని అర్థం కూడా చెప్పాను. ఆయన విని, చుట్ట ముట్టించుకున్నాడు.

"మీ ఊరి లొల్లి మాకెందుకమ్మా" అన్నాడు.

"నీ మనుమరాలికి ఎన్నేండ్లు మామా?" అని అడిగింది అవ్వ.

ఆ పిల్ల అక్కడే మట్టి తొక్కుతోంది. ముసలాయన దాని వైపు చూశాడు, మా అవ్వ వైపు చూశాడు. చుట్ట పక్కన పెట్టి, లేచి వెళ్ళి సారె మీద చెయ్యి పెట్టాడు.

"మా చుట్టుపక్కల ఏ ఇంట్లకెల్లి సుత మీ దొరకు ఐరేని రాదు. పో" అన్నాడు. ఆ పూట మాకు జొన్నరొట్టె పెట్టి, ఆ పుట ఇంకోసారి చదివించుకున్నారు.

పెళ్ళినాడు పొద్దున్నే డప్పులు మా వీధిలోకి తిరిగాయి. కుండలు సిద్ధంగా ఉన్నాయి. సున్నం తెలుపు, జాజు ఎరుపు, పసుపు గీతలు. అవి వేసింది అక్కే. తనను తీసుకుపోయే పెళ్ళికి తానే రంగులు వేసింది, ఒక్క గీత కూడా వంకర పోలేదు. అవ్వ ఆ కుండల ముందు గడపకు అడ్డంగా కూర్చుంది. వాకిట్లో చాకలి పెద్దమ్మ, పుస్తకం వినడానికి వచ్చే ఆడవాళ్ళంతా నిలబడ్డారు. నాయిన గోడ పక్కన నిలబడి నేల చూస్తున్నాడు.

దొరసాని పట్టుచీరలో వచ్చి సారెకు బొట్టు పెట్టింది. చేతులు చాపింది. అవ్వ లేవలేదు.

"ఏందే, లెవ్వవు?"

"నా బిడ్డను పంప దొరసానీ. పంపనక్కర్లేదని మీ నోటితోని చెప్తె కుండలిస్త."

డప్పులు ఆగిపోయాయి. దొరసాని వెంట వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఎవలు నేర్పిన్రే నీకీ మాటలు?" అంది దొరసాని.

"సదువు బిడ్డా" అంది అవ్వ నాతో.

అక్షరాలు కదిలినట్టు కనపడ్డాయి. అయినా ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు కాబట్టి పుస్తకం వైపు చూస్తూ అప్పజెప్పాను. "ఎవడు రాసిండు గది?" అంది దొరసాని.

"ఎవడు రాస్తేంది దొరసానీ, అచ్చు గొట్టిన్రు" అంది అవ్వ.

దొరసాని సుంకరిని పక్కూళ్ళకు పొమ్మంది. నిన్ననే అడిగి చూశాననీ, ఎవరూ ఇచ్చేది లేదన్నారనీ వాడు చేతులు నలుపుకుంటూ చెప్పాడు. ముహూర్తం దగ్గర పడుతోందని గడీ నుంచి ఒకరి వెంట ఒకరు మనుషులు వస్తున్నారు. చివరికి దొరసాని పళ్ళు బిగించి, "సరే, నీ బిడ్డ నీకే. సాకలిదాని పిల్ల ఉన్నది కద, దాన్ని పంపుతం. కుండలియ్యి" అంది.

అవ్వ మొహంలో బిగువు సడలింది. నిజం చెబుతున్నాను, నాకు కూడా గుండె తేలికైంది. అక్క ఉంటుంది, అంతే, ఇంకేమీ తోచలేదు. అవ్వ లేచి మొదటి కుండ రెండు చేతులతో ఎత్తింది. చాకలి పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అన్ని మధ్యాహ్నాలు మా పక్కన కూర్చుని పుస్తకం విన్న మనిషి ఆమె. నేను ఆమె వైపు చూడలేకపోయాను. ఆ సిగ్గు నన్ను ఇంకా వదలలేదు.

అప్పుడు లోపలి నుంచి అక్క వచ్చింది. అవ్వ చేతిలో కుండను తీసుకుని మళ్ళీ కింద పెట్టింది. దాని పక్కనే తానూ కూర్చుంది.

"పుస్తకంల నా పేరు లేదవ్వా. వెట్టి అని ఉన్నది" అంది.

అక్కకు అక్షరం ముక్క రాదు. చదివినదాన్ని నేనైనా, అర్థం చేసుకున్నది ఆమె. అవ్వ మళ్ళీ గడపకు అడ్డంగా కూర్చుంది.

"ఏ పిల్లా పోదు దొరసానీ" అంది. ఆ మాటతో వాకిట్లో ఆడవాళ్ళందరూ కూర్చున్నారు. చాకలి పెద్దమ్మ అందరికంటే ముందు, అవ్వ భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

దొరసాని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఎండ గడప మీదికి వచ్చేదాకా తిట్టింది. గడీ నుంచి పెళ్ళి చేయించే అయ్యగారే స్వయంగా పరుగెత్తుకొచ్చి ముహూర్తం మించిపోతోందని మొత్తుకుంటే, "ఏ పిల్లా వద్దు, తియ్యండి" అంది. అవ్వ ఒక్కొక్క కుండా ఎత్తి ఆమె చేతుల్లో పెట్టింది.

కుండలు చేతికి వచ్చాక ఇచ్చిన మాటకు విలువేముంటుంది? మరునాడు గడీ మనుషులు వచ్చి మా ఆవాన్ని, అంటే కుండలు కాల్చే బట్టీని, లోపలి కుండలతో సహా కూలదోశారు. నాయినను ఈడ్చుకుపోయి ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. పిల్లను పంపుతానని అంటే దించుతామన్నారు. నిలబడలేని స్థితిలో సాయంత్రం ఇద్దరు మోసుకొచ్చారు. మా ఇంట్లో అందరికంటే భయస్థుడు ఆయన. మంచినీళ్ళు తాగి, "పంపుతనని అనలే" అన్నాడు. ఆ ఒక్క ముక్కే అన్నాడు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఈసారి ఏడవద్దని అవ్వ అనలేదు.

మూడోనాడు దొరబిడ్డ అత్తవారింటికి బయలుదేరే రోజు. దారిలో ఏ పిల్ల కనపడితే ఆ పిల్లను పట్టి నడిపిస్తారని ఊరంతా పుకారు. పూర్వం అలాంటి రోజున ఆడపిల్లలను గాదెల్లో, గడ్డివాముల్లో దాచేవారు. అవ్వ పొద్దున్నే ఇంటింటికీ తిరిగింది. ఏం చెప్పిందో నేను వినలేదు. నన్ను నాయిన దగ్గర ఉంచింది.

దొరబిడ్డను మోసే మేనా వచ్చే వేళకు బయటికి వచ్చి చూశాను. గడీ నుంచి ఊరి పొలిమేర దాకా దారికి రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒక్కొక్క తల్లి తన బిడ్డ చెయ్యి పట్టుకుని, దాచకుండా, దారి మీదికి తెచ్చి నిలబెట్టింది. మాదిగ వాడ నుంచి, గొల్లల నుంచి, పుస్తకం మాట ఎన్నడూ విననివాళ్ళు కూడా వచ్చారు. అవ్వ అక్క చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను వెళ్ళి రెండో చెయ్యి పట్టుకున్నాను.

ముందు డప్పులు, వెనుక మేనా, దాని వెనుక సామాన్ల బండ్లు. మేనాకూ మొదటి బండికీ నడుమ ఆడబాప నడిచే చోటు. బోయీలకు, బండివాళ్ళకు ఎన్నో పెళ్ళిళ్ళ అలవాటు, అంత మేర విడిచిపెట్టే నడిచారు. గుర్రం మీదున్న దొర మనిషి రెండు పక్కలా చూసుకుంటూ వచ్చాడు. ఎవరి చెయ్యి విడిపించాలో తోచక ముందుకు పోయాడు. ఏ తల్లీ చెయ్యి వదలలేదు. ఆ చోటు ఖాళీగానే ఊరు దాటింది.